ఆన్ జడ్సన్ దొరసాని – ఒక తల్లి చరిత్రము

మన గృహములలో ఇంటి ఆడపిల్లకు తొలి కాన్పు సమీపించినప్పుడు పుట్టినింటివారు వచ్చి ఆమెను తీసికొనిపోవుదురు. తల్లి ప్రక్కనుండును. మంత్రసానికి ముందుగనే కబురు పోవును. పురుడు వచ్చిన పిమ్మట బాలెంతకు కాయము పెట్టువారొకరు, బిడ్డకు నీళ్లుపోయువారొకరు, రాత్రివేళ బిడ్డ యేడ్చిన నెత్తుకొని తిరుగువారొకరు ఉందురు. ఇన్ని చేతులు కలిసిననేగాని ఒక పసికందు బ్రదికి బట్టకట్టదని మన పెద్దలెరుగుదురు. ఈ చేతులేవియు లేనిచోట, మొదట భాషయైనను తెలియని దేశమున, తల్లియైన యొక స్త్రీ చరిత్రమును ఈ సంవత్సరము మన పత్రికా చదువరుల యెదుట ఉంచదలచినాము. ఆమె పేరు ఆన్ జడ్సన్.

అడోనిరాం జడ్సన్ దొరగారి పేరు మన సంఘములలో అనేకులు వినియుందురు. పరిశుద్ధ గ్రంథమును బర్మా భాషలోనికి తర్జుమా చేసినవాడాయనయే. ఆయన భార్య ధైర్యమును గూర్చియు గ్రంథములు వెలువడినవి. అయితే మేము ఆమె ధైర్యమునొక్కదానినే పొగడుటకు పూనుకొనలేదు. ఇచ్చుటకై బయలుదేరిన యొక కుటుంబము తన బిడ్డ ప్రాణము నిలుపుకొనుటకై ఎవరెవరి వాకిట చేయి చాపవలసివచ్చెనో, ఆ చేతిలో ఎవరేమి పెట్టిరో చెప్పుటయే మా యుద్దేశము.

ఆన్ హాసెల్టైన్ 1789 డిసెంబరు 22వ తేదీన అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున బ్రాడ్‌ఫర్డు అను గ్రామమున జన్మించెను. ఐదుగురు సంతానములో ఆమెయే కడగొట్టుది. ఆ గ్రామపు అకాడమీలో చదివి, పదునారేండ్ల ప్రాయమున ప్రభువును హృదయపూర్వకముగా అంగీకరించి, తరువాత కొంతకాలము ఉపాధ్యాయినిగా పనిచేసెను. 1812 ఫిబ్రవరి 5వ తేదీన అడోనిరాం జడ్సన్‌తో ఆమెకు వివాహమాయెను. మరునాడే ఆయన అభిషేకింపబడెను. రెండు వారములు గడచునప్పటికి, ఫిబ్రవరి 19వ తేదీన, వారు సేలము రేవున కారవాన్ అను ఓడనెక్కిరి. అమెరికా సంఘములు సముద్రముల కావలికి పంపిన తొలి మిషనరీలలో వారొకరు. ఆన్ వయస్సప్పటికి ఇరువదిరెండేండ్లు. ఆమెతో ఆ ఓడలో పయనమైన మరియొక నవవధువు హారియెట్ న్యూయెల్. ఆమెకు పదునెనిమిదేండ్లు మాత్రమే.

నాలుగు నెలల ప్రయాణము పిమ్మట జూన్ 17వ తేదీన ఓడ కలకత్తా చేరెను. దారిలో జడ్సన్ దొర బాప్తిస్మమును గూర్చి లేఖనములను శోధించుచు వచ్చి, ముంచుటయే వాక్యానుసారమని నిశ్చయించుకొనెను. ఆన్ మొదట ఒప్పుకొనలేదు. తానును పరిశోధించి, పిమ్మట ఒప్పుకొనెను. 1812 సెప్టెంబరు 6వ తేదీన కలకత్తాలోని లాల్ బజారు ప్రార్థనాలయమున విలియం వార్డుగారి చేత వారిరువురును బాప్తిస్మము పొందిరి. దీనివలన తమ్ము పంపిన సంఘముతో సంబంధము తెగెను. ఈస్టిండియా కంపెనీవారు మిషనరీలు తమ రాజ్యమున నిలువరాదని ఆజ్ఞాపించిరి. ఇల్లు లేదు, ఊరు లేదు, పంపినవారి అండ లేదు. ఇట్టి స్థితిలో వారు మారిషసు ద్వీపమునకు ఓడనెక్కిరి.

ఆ ద్వీపమున వారికెదురువచ్చిన వార్త హారియెట్ మరణము. ముందుగా అచ్చటికి బయలుదేరిన ఆమె ఓడలోనే నెలలు నిండకముందు ఒక ఆడుబిడ్డను కని, ఐదు దినములకే ఆ శిశువును పోగొట్టుకొని, ద్వీపము చేరిన పిమ్మట 1812 నవంబరు 30వ తేదీన క్షయచే మరణించెను. పందొమ్మిదేండ్ల ప్రాయమున తన చెలికత్తె పరదేశపు మట్టిలో పండుకొన్నదని విన్న ఆన్, అదే సంవత్సరమున తానును పురిటిమంచము నెక్కవలసినది. ఆ సమాధి ఆమె మనస్సున ఎట్టి నీడను వైచెనో తల్లులైనవారికి మేము చెప్పనక్కరలేదు.

1813 జూనులో వారు మద్రాసు చేరిరి. అచ్చటను నిలువనిత్తురను ఆశ లేకపోయెను. రేవున సిద్ధముగా నున్న ఓడ ఒక్కటే, అది పోవునది రంగూనునకు. మన కోస్తా జిల్లాలవారు తరువాతి కాలమున కూలికిని వర్తకమునకును వేలకొలదిగా పోయి రంగమని పిలిచిన పట్టణమిదియే. నేడు దానిని యాంగోనందురు, ఆ దేశమును మయన్మారందురు. ఆన్ నిండు గర్భిణి. సాయముగా నుండుటకై మద్రాసున ఒక యూరోపియను స్త్రీని కుదుర్చుకొనిరి. ఓడనెక్కిన కొలది సేపటికే ఆ స్త్రీ అకస్మాత్తుగా పడి మరణించెను. జూన్ 22వ తేదీన ఓడ సాగిపోయెను. నడిసముద్రమున, వైద్యుడు లేక, మంత్రసాని లేక, ఇంకొక స్త్రీయైనను తోడులేక, భర్త యొక్కడే ప్రక్కనుండగా ఆన్ తన తొలిబిడ్డను కనెను. బిడ్డ ప్రాణము లేక పుట్టెను. ఆమెయు బ్రదుకుననే ఆశ సన్నగిల్లెను. అంతలో గాలులు ఓడను అండమాను దీవుల నడుమ నిశ్చలమైన జలములలోనికి తీసికొనిపోయెను. ఓడ ఊగుట తగ్గి, ఆమెకు కొంత విశ్రాంతి కలిగి, ప్రాణము నిలిచెను.

జూలై 13వ తేదీన రంగూను చేరిరి. ఆన్ నడువజాలదు. కుర్చీకి వెదురుబొంగులు కట్టి, ఆ దేశపు మనుష్యులు ఆమెను భుజములపై మోసికొని వీధులగుండ పోయిరి. త్రోవలో నీడనాగినప్పుడు బర్మా స్త్రీలు గుమిగూడి, ఆమె టోపీ క్రింద ముఖమెట్లున్నదోయని వంగి చూచిరి. ఆమె నవ్వగా వారును నవ్విరి. ఆమెకును ఆ దేశపు స్త్రీలకును కలిగిన తొలి పరిచయమిదియే. శ్రీరాంపూరులోని కేరీగారి కుమారుడు ఫీలిక్సు కేరీ కట్టిన మిషను గృహమున వారు దిగిరి. ఫీలిక్సు ఊరలేడు. అతని భార్య ఆ దేశమున పుట్టినది, ఇంగ్లీషెరుగదు. ఆన్ బర్మా భాష ఎరుగదు. అయినను ఒక ఇంటి క్రింద ఇరువురును కాపురమునడుపుకొనిరి.

భాష నేర్చుకొనుట ఆరంభమాయెను. భర్త గురువునొద్ద కూర్చుండి దినమంతయు గ్రంథములు చదువుచుండ, ఆన్ వంటవానితోను, అంగడివారితోను, ఇరుగుపొరుగు స్త్రీలతోను మాటలాడవలసివచ్చెను. ఇందువలన మాటలాడుటలో ఆమెయే ముందడుగు వైచెను. ఉపాధ్యాయులమైన మాకు ఈ సంగతి మిక్కిలి రుచించినది. భాష పుస్తకమున కొంత ఉండును, బజారున కొంత ఉండును. రెండును నేర్చినవారే భాష నేర్చినవారు.

1815 సెప్టెంబరు 11వ తేదీన వారికి కుమారుడు పుట్టెను. ఈసారియు వైద్యుడు లేడు, భర్తయే సర్వము. బిడ్డ బ్రదికెను. రోజర్ విలియమ్స్ అని పేరు పెట్టిరి. సంఘము లేదు, తమ భాష వినువారు లేరు, రెండేండ్లుగా శ్రమించినను విశ్వసించినవాడొక్కడును లేడు. అట్టి యింట ఈ పసివాడే వెలుగాయెను. తండ్రి చదువుకొనుచుండ బల్ల ప్రక్కన చాపపై పండుకొని గంటలకొలది ఆయన ముఖమును చూచుచుండెడివాడు. చదువు ముగిసినంతనే తలిదండ్రులు వానినెత్తుకొని తోటలో త్రిప్పుటయే వారి వినోదము. అయితే కొలది నెలలలో రాత్రి జ్వరములు ఆరంభమాయెను. ఏ మందు ఇయ్యవలెనో చెప్పువారు లేరు. 1816 మే 4వ తేదీన, ఎనిమిది నెలలు నిండకముందే, ఆ బిడ్డ ప్రభువునొద్దకు పోయెను. ఆ సాయంకాలమే ఇంటిప్రక్కనున్న మామిడితోపులో సమాధి చేసిరి. నలుబది యేబదిమంది బర్మావారును పోర్చుగీసువారును వెంబడి నడచిరి.

కొన్ని దినములైన పిమ్మట రంగూను రాజప్రతినిధి భార్య సుమారు రెండువందలమంది పరివారముతో మిషను గృహమునకు వచ్చెను. బిడ్డ పోయిన సంగతి తనకేల తెలుపలేదని, తెలిసినయెడల తానును సమాధి దినమున వచ్చియుందునే యని ఆన్‌ను అడిగెను. తరువాత దుఃఖము మరల్చుటకై వారిని ఏనుగులపై తన తోటకు తోడుకొనిపోయి, తన చేతితో పండ్లు కోసి, తొక్కతీసి ఇచ్చి, పువ్వులు ముడిచి గౌరవించెను. ఆమె క్రైస్తవురాలు కాదు, ఈ దంపతులు బోధించు మతమును కోరినదియు కాదు. కాని బిడ్డ పోయిన తల్లి యింటికి పోవలెనని ఎరిగిన స్త్రీ. ఈ దర్శనమును ఆన్ మరువక తన లేఖలలో వ్రాసియుంచెను. ఓదార్చుటకై పోయినవారు ఓదార్పు పొందిన దినములలో ఇదియొకటి.

ఇక్కడ మన దేశమునకు సంబంధించిన యొక సంగతి చెప్పవలసియున్నది. 1817 డిసెంబరు 25వ తేదీన జడ్సన్ దొర చిట్టగాంగునకు ఓడనెక్కెను. పది పండ్రెండు దినముల ప్రయాణము. గాలి ఎదురుతిరిగి ఓడ ఎటో కొట్టుకొనిపోయి, ఆహారము తరిగి, ఆయన జ్వరముతోను ఆకలితోను చిక్కి శల్యమై, 1818 మార్చిలో చేరినది మన బందరు రేవునకు. ఒడ్డున ప్రాణము విడుచుటకైనను చోటిమ్మని ఆయన చీటి పంపగా, అచ్చటనున్న ఆంగ్లేయులు వచ్చి, గృహములోనికి చేర్చుకొని, సేదదీర్చిరి. అచ్చటనుండి సుమారు మూడువందల మైళ్లు భూమార్గమున మద్రాసునకు పోయెను. ఇదంతయు రంగూనున ఆన్ ఎరుగదు. ఓడ చిట్టగాంగు చేరలేదనుట మాత్రమే తెలిసెను. ఊరిలో విశూచి ప్రబలెను, యుద్ధము వచ్చుననిరి. తోటి మిషనరీలు బెంగాలునకు పోవ నిశ్చయింపగా ఆమెయు వారితో ఓడనెక్కెను. ఎక్కినది గాని మనస్సు నిలువలేదు. భర్త వచ్చునేమో, వచ్చి శూన్యగృహమును చూచునేమో యని తలచి, దిగి, ఒంటరిగా ఇంటికి తిరిగివచ్చెను. 1818 ఆగస్టులో ఆయన క్షేమముగా వచ్చెను.

1819 జూన్ 27వ తేదీన తొలి విశ్వాసి మౌంగ్ నౌ బాప్తిస్మము పొందెను. ఆ సంవత్సరముననే ఆన్ రంగూనులోని సయాము దేశస్థుల కొరకు మత్తయి సువార్తను వారి భాషలోనికి మార్చెను. బర్మా భాషలో ఒక ప్రశ్నోత్తరిని వ్రాసెను. దానియేలు, యోనా గ్రంథములను తర్జుమా చేసెను. ఒకవైపు కాపురము, ఒకవైపు స్త్రీల కూడికలు, ఒకవైపు ఈ రచన. 1821లో కాలేయవ్యాధి ముదిరి, ఇంగ్లాండు మీదుగా అమెరికాకు పోయి, బర్మా మిషను చరిత్రమును గ్రంథముగా వ్రాసి ప్రకటించి, 1823 డిసెంబరు 5వ తేదీన రంగూనునకు తిరిగివచ్చెను. పిమ్మట దంపతులు ఐరావతీ నదిపై రాజధానియైన ఆవాకు పోయిరి. అచ్చట ఇరువురు బర్మా బాలికలను పెంపకమునకు తీసికొని, తన అక్కల పేర్లు వారికి పెట్టి, మేరీ, అబ్బీ యని పిలుచుకొనెను.

1824లో ఆంగ్లేయులకును బర్మా రాజునకును యుద్ధమారంభమాయెను. మే నెలలో రంగూను ఆంగ్లేయుల వశమాయెను. తెల్లవారందరును వేగులవారను అనుమానమున జూన్ 8వ తేదీన జడ్సన్ దొరను అధికారులు ఇంటిలో పట్టి, నేలమీద పడద్రోసి, త్రాళ్లతో కట్టి, మరణశిక్ష పొందదగినవారినుంచు చెరసాలకు ఈడ్చుకొనిపోయిరి. కాళ్లకు మూడు జతల సంకెళ్లు వైచిరి. ఆన్ వ్రాతలను తగులబెట్టి, క్రొత్త నిబంధన తర్జుమా ప్రతిని మాత్రము భూమిలో పాతిపెట్టెను. వానలు వచ్చినప్పుడు అది పాడగునని భయపడి, తీసి, తలగడలో కుట్టి, ఏ కావలివాడును ఆశపడనంత గట్టి తలగడగా చేసి భర్తకు పంపెను. నెలలకొలది ఆమె నగర గవర్నరు వాకిటను, రాజబంధువుల వాకిటను నిలిచి మొరపెట్టెను. ఆ గవర్నరు వృద్ధుడు. ఆమెయెడల జాలిగొని, ఖైదీలను రహస్యముగా చంపుమని మూడుమార్లు ఆజ్ఞ వచ్చినను చంపింపక దాటవైచెను.

ఇట్టి దినములలో, 1825 జనవరి 26వ తేదీన, ఆన్ మూడవ బిడ్డను కనెను. ఆడుబిడ్డ. పేరు మరియ. భర్త సంకెళ్లలో నుండెను. ఇరువది దినముల పసికందును పొత్తిళ్లలో పట్టుకొని ఆమె చెరసాల గుమ్మమునకు పోయి, సంకెళ్లనీడ్చుకొనుచు ప్రాకివచ్చిన తండ్రికి బిడ్డను చూపెను. మార్చిలో ఆయనకు జ్వరము రాగా, చచ్చిపోయిన సింహముయొక్క ఖాళీ బోనును బ్రతిమాలి సంపాదించి, చెరసాల గదికంటె అదియే మేలని ఆయనను అందు పండుకొనబెట్టించెను.

మే 2వ తేదీన ఖైదీలను ఆమెకు తెలియకుండ తరలించిరి. మండుటెండలో, పాదరక్షలు లేక, కాలు మోపలేని ఇసుకలో వారిని నడిపించిరి. జడ్సన్ దొర పాదముల తోలూడిపోయెను. తోటి ఖైదీ సేవకుడొక బెంగాలీ తన తలపాగను రెండుగా చింపి, ఒక ముక్క తన యజమానునికిని, ఒక ముక్క జడ్సన్ దొరకును పాదములకు చుట్టుకొనుటకిచ్చెను. ఆన్ మరునాడు మూడునెలల బిడ్డతోను, ఇరువురు బాలికలతోను, బెంగాలీ వంటవానితోను, కొంతదూరము పడవపైని, కొంతదూరము బండిపైని పోయి, ఔంగ్ పెన్ లా అను గ్రామమున భర్తను కలిసికొనెను. ఉండుటకు చోటులేదు. కావలివాడు సగము ధాన్యముతో నిండియున్న తన కొట్టును చూపెను. ఆరునెలలు అదే వారి ఇల్లు.

మరునాటి ఉదయముననే, బిడ్డనెత్తుకొనుటకు ఆమెకున్న ఏకైక సాయమైన మేరీకి మశూచికము సోకెను. ఆనాడు టీకాలు ఆ పల్లెకు రాలేదు. వ్యాధిగ్రస్తుని పొక్కు రసమును ఆరోగ్యవంతుని చర్మమున కొంచెము ఎక్కించిన వ్యాధి తేలికగా వచ్చిపోవునను పద్ధతిని ఆన్ ఎరుగును. అబ్బీకిని, తన భర్తను బంధించియున్న కావలివాని బిడ్డలకును ఆమె అట్లు చేసెను. వారికందరికిని వ్యాధి ఆటలైనను మానవలసినంత లేక తేలికగా పోయెను. ఆ పేరు విని పల్లెలోని తల్లులు తమ బిడ్డలను తెచ్చి ఆమె యెదుట కూర్చుండబెట్టిరి. ఒక్క మరియకు మాత్రము అది పట్టలేదు. మూడున్నర నెలల పసికందునకు నిజమైన మశూచికమే సోకి, మూడు నెలలకు పైగా బాధించెను.

ఈ సేవచే నలిగిన ఆన్‌కు ఆ దేశమున పరదేశులకు సాధారణముగా మరణకరమైన విరేచనవ్యాధి పట్టెను. మందులపెట్టె కొరకు బండిపై ఆవాకు పోయి, చావుబ్రతుకుల నడుమ తిరిగివచ్చెను. ఆమెను చూచి బెంగాలీ వంటవాడు బోరున ఏడ్చెను. ఆమె చాపపై పడి రెండునెలలకు పైగా లేవలేదు. ఆ వంటవాడు తన కులాచారమును, తనకు రావలసిన జీతమును మరచి, కట్టెలు మోసి, నీళ్లు మోసి, వండి, ఖైదీకి అన్నము చేరవేసి, పిమ్మటనే తాను తినెడివాడు. ఆయన లేనియెడల ఆ కుటుంబము నిలిచియుండదని ఆన్ స్వయముగా ఒప్పుకొన్నది.

అయితే పాలు ఎవరిత్తురు? తల్లికి చనుబాలు ఇంకిపోయెను. పల్లెలో కొన దాది దొరకదు, పాలు దొరకవు. రాత్రులు బిడ్డ ఆకలిచే ఏడ్చుచుండ, లేవజాలని తల్లి వినుచు పండుకొనియుండెను. తుదకు కావలివారికి కానుకలిచ్చి, జడ్సన్ దొరను కొంతసేపు వెలుపలికి విడుచుటకు ఒప్పించిరి. ఆయన సంకెళ్లతోనే, చిక్కి ఎముకలైన బిడ్డను చేతులలో నెత్తుకొని, గడపగడపకు పోయి, పసిబిడ్డలున్న తల్లులను ఒక్క గుక్కెడు చనుబాలిమ్మని యాచించెను. ఆ తల్లులు ఇచ్చిరి. వారి భర్తలును అన్నదమ్ములును తెల్లవారితో జరుగు యుద్ధములో ఉండియుండవచ్చును. ఈ మనుష్యుడు వేగులవాడని రాజాజ్ఞ. బిడ్డ ఒంట మశూచికపు మచ్చలు. ఇవియన్నియు ఎరిగియు వారు తమ బిడ్డల వాటాలోనుండి ఈ బిడ్డకు పాలిచ్చిరి. వారి పేర్లు ఏ గ్రంథమునను లేవు. మరియ బ్రదికెను.

జడ్సన్ దొర ఉన్నత విద్య నేర్చినవాడు, బోధకుడు, భాషావేత్త. ఆ దేశమునకు జీవాహారమును తెచ్చితినని నమ్మినవాడు. ఆ గడపలయొద్ద ఆయన పాత్ర పట్టుకొన్న భిక్షువు. మిషనులు స్థాపించిన పాఠశాలలలో చదివిన మనము ఇచ్చువారెవరు, పుచ్చుకొనువారెవరు అని సులభముగా పంచివేయుదుము. ఔంగ్ పెన్ లా పల్లె ఆ పంపకమును తారుమారు చేసినది. ఆన్ ఆ పల్లె బిడ్డలను మశూచికమునుండి తప్పించెను. ఆ పల్లె తల్లులు ఆన్ బిడ్డను ఆకలినుండి తప్పించిరి. ఎవరు ఎవరికి ఋణపడిరో లెక్కగట్టుట మాకు సాధ్యము కాదు.

1825 నవంబరులో రాజు జడ్సన్ దొరను దుబాసిగా పనికై బంధమునుండి తీసెను. ఆవాలో ఆన్‌కు మరల ఘోరజ్వరము వచ్చెను. స్పృహ తప్పుచుండిన ఆ వేళ ఒక బర్మా స్త్రీ తానుగా వచ్చి మరియకు పాలిచ్చి పెంచుటకు ఒప్పుకొనెను. 1826 ఫిబ్రవరి 24వ తేదీన యాందబోలో సంధి జరిగెను. ఆంగ్లేయ సేనాపతి ఆన్‌కు ఘనమైన మర్యాద చేసెను. ఆయన విందునకు వచ్చిన బర్మా అధికారులలో ఒకడు, భర్తకై ఆమె వేడుకొనవచ్చిన దినమున ఆమెను గెంటివేసి, ఆమె పట్టు గొడుగును లాగుకొన్నవాడు. ఆమెను అచ్చట చూచి అతడు వణికిపోయెను. ఆమె అతని భాషలో భయపడవలదని మెల్లగా చెప్పెను. తలగడలోని క్రొత్త నిబంధన సైతము నశింపలేదు. చెరసాల కొల్లగొట్టిన దినమున పనికిరానిదని పారవేయబడిన ఆ దూదిముద్దను మౌంగ్ ఇంగ్ అను విశ్వాసి తన గురువు జ్ఞాపకార్థముగా తీసి దాచియుంచెను. నెలల పిమ్మట విప్పిచూడగా ప్రతి చెక్కుచెదరక యుండెను.

ఆ సంవత్సరముననే కుటుంబము ఆంగ్లేయులు క్రొత్తగా కట్టుచుండిన ఆమ్హర్‌స్టు పట్టణమునకు పోయెను. నేడు దానిని చైక్కమి యందురు. జడ్సన్ దొర రాయబారమున దుబాసిగా మరల ఆవాకు పోవలసివచ్చెను. ఆయన లేనివేళ, 1826 అక్టోబరు 24వ తేదీన, ముప్పదియారేండ్ల ప్రాయమున, ఆన్ జ్వరముచే కన్నుమూసెను. తల్లిలేని మరియను వేడ్ దొరసానిగారు సాకిరి. తండ్రి తిరిగివచ్చి మూడు నెలలైనను మురిపెము తీరకముందే, 1827 ఏప్రిల్ 24వ తేదీన, రెండేండ్ల మూడు నెలల వయస్సున, మరియయు తల్లి ప్రక్కన సమాధియాయెను.

బిడ్డలను అట్టి చోటులకు తీసికొనిపోవుట, అట్టి చోటుల కనుట తగునాయని ఈ చరిత్రము వినిన తల్లులు మమ్ము అడుగుదురు. ఆ ప్రశ్న తోసివేయదగినది కాదు. ముగ్గురు బిడ్డలలో ఒక్కరును దక్కలేదు. మేము దానికి జవాబు చెప్పజాలము. ఆన్ సైతము తన దుఃఖమును దాచుకొనక, కుమారునిపై తన మనస్సును మిక్కుటముగా నిలిపితినని, ఆ గాయము మానుట కష్టమని తన లేఖలలో ఒప్పుకొన్నది. విశ్వాసులకు దుఃఖము లేదనుట నిజము కాదనుటకు ఆమె లేఖలే సాక్ష్యము.

ఆమె కష్టము వ్యర్థము కాలేదు. తలగడలో దాగిన ఆ తర్జుమా పెరిగి 1834లో సంపూర్ణ బర్మా బైబిలాయెను. సవరించిన ప్రతి 1840లో అచ్చుపడెను. ఈ దంపతులను పోషించుటకై అమెరికా బాప్టిస్టులు 1814లో ఫిలడెల్ఫియాలో ఏర్పరచుకొన్న సమాజమే 1835లో శామ్యూల్ డే దొరగారిని తెలుగువారియొద్దకు పంపినది. 1840లో నెల్లూరున వెలసిన మిషను ఆయన పనియే. కావున ఆన్ జడ్సన్ అడుగుపెట్టిన త్రోవ చుట్టి చుట్టి మన వాకిటికి వచ్చినది.

బాలబాలికలారా! మీరు ఈ చరిత్రమును చదివి సింహపు బోనును, సంకెళ్లను జ్ఞాపకముంచుకొందురు. అది సహజమే. అయితే తలపాగ చింపిన సేవకుని, జీతము మరచిన వంటవానిని, పేరు తెలియని పాలతల్లులను గూడ జ్ఞాపకముంచుకొనుడు. మీ పల్లెలో మీ తల్లి జబ్బుపడిన దినమున మిమ్ము ఎత్తుకొని పాలిచ్చిన పొరుగింటి అమ్మ ఎవరో మీ అమ్మను అడుగుడు. ఆమె ఏ మతస్థురాలైనను, ఏ కులస్థురాలైనను, ఈ సెలవులలో ఇంటికి పోయినప్పుడు ఆమె గడపకు పోయి నమస్కరించి రండు.